తుపాకీ తన్నిన చోటు

ఈ సంగతి మా ఆవిడకు కూడా పూర్తిగా చెప్పలేదు. మీకు చెబుతాను. తెలియనిదాన్ని తెలియదని ఒప్పుకోవడానికి నోరు రాని రోజు మీకూ ఒకటి ఉండే ఉంటుంది.

గుంటూరులో చదువుకునే రోజుల్లో ఎన్‌సీసీ క్యాంపులో పాయింట్ టూ టూ రైఫిల్ కాల్చాను. బోర్లా పడుకుని, ఇసుక సంచి మీద చెయ్యి ఆనించి, ఐదు రౌండ్లు. ఐదు చిల్లులూ అరచేతి కింద ఇమిడిపోయాయి. ఆ కాగితం ఏళ్ల తరబడి ట్రంకుపెట్టెలో దాచుకున్నాను. ఆ గుండు బరువు రెండున్నర గ్రాములకు కాస్త ఎక్కువ. పేలిన సంగతి భుజానికి తెలియను కూడా తెలియదు. తుపాకీతో నాకున్న అనుభవమంతా అంతే.

టెక్సాస్ వచ్చి, గ్రీన్ కార్డు చేతికందిన ఏడాది, జింకల వేట సీజను ముందు గురి సరిచూసుకోవడానికి రేంజికి వెళుతూ ఆఫీసు స్నేహితుడొకడు నన్నూ రమ్మన్నాడు. అతని చేతిలోది వాళ్ల నాన్న వాడిన థర్టీ ఆట్ సిక్స్. 1906లో అమెరికా సైన్యం తీసుకున్న తూటా కాబట్టి పేరులో ఆ ‘ఆట్ సిక్స్’. గుండు పది గ్రాముల దరిదాపు, వేగం సెకనుకు 800 మీటర్ల పైమాటే. ఎలా కూర్చోవాలో అతను చెప్పబోయాడు. నేను ఎన్‌సీసీలో కాల్చినవాణ్నే అని మధ్యలోనే ఆపేశాను.

ఇసుక సంచి మీద ఆనాల్సింది తుపాకీ కొయ్య ముందుభాగం. నేను బ్యారెల్‌నే ఆనించాను. తన్నుతుందన్న భయంతో కొయ్య వెనక కొసను, అంటే బట్‌ను, భుజానికి అంటీ అంటనట్టు పట్టుకున్నాను. బాగా కనబడాలని బల్ల మీదికి వంగిపోయి కన్ను స్కోప్‌కు అంటించినంత పని చేశాను. ట్రిగర్ లాగాను. ఆకాశం విరిగి మొహాన పడింది. కనుబొమ మీద నెలవంకలా గాటు, చొక్కా నిండా నెత్తురు, 100 గజాల దూరాన కాగితం మాత్రం కొత్తది కొత్తగానే ఉంది. స్కోప్‌కూ కంటికీ మూడు, నాలుగు అంగుళాల ఎడం ఉండాలని అప్పుడు తెలిసింది. ఇంటికొచ్చి కారు డోరు తగిలిందని చెప్పాను.

అప్పుడైనా నేర్పమని అడగొచ్చు. అడగలేదు. తన్ను తగలకుండా కాల్చే ఇనుప స్టాండు ఒకటి కొన్నాను. బట్ దాని వెనక అడ్డుకు ఆనుతుంది. అడుగున సీసపు గుళ్ల సంచులు ఎంత బరువు పెడితే భుజానికి అంత హాయి. అతని తుపాకీని దాని మీద పెట్టి, నేను ఇరవై కిలోల పైనే పేర్చాను. గుండ్లు పక్కపక్కనే పడుతుంటే ఫోటోలు తీసి అందరికీ పంపాను. పదిహేనో రౌండో, పదహారో, మణికట్టులా సన్నబడే చోట కొయ్య మీద వెంట్రుకంత గీత కనిపించింది. మనిషి భుజమైతే తుపాకీతోపాటు వెనక్కి జరుగుతుంది. ఆ బరువు జరగలేదు. నేను తప్పించుకున్న దెబ్బలన్నీ ఆ కొయ్య తిన్నది. స్నేహితుడు వేలితో గీతను తడిమి చూశాడు. ఒక్క మాట అనలేదు. వాళ్ల నాన్న మోసిన తుపాకీ అది. ఆ క్షణం తలుచుకుంటే ఇప్పటికీ నాకు అన్నం సహించదు.

కొయ్య బాగుచేయించిన డబ్బు నేనే ఇచ్చాను. జిగురు పెట్టిన గీత మాత్రం పోలేదు. తుపాకీ తిరిగొచ్చాక, ఎలా కాల్చాలో నేర్పమని నోరు తెరిచి అడిగాను. అతను తూటాలు తనే ఎక్కించి ఇచ్చాడు. రెండు పేలాయి. మూడోసారి ట్రిగర్ లాగితే టక్కుమంది, అంతే. మందులేని డమ్మీ. పేలుడు లేదు, తన్నూ లేదు. అయినా తుపాకీ మూతి జానెడు కిందికి వంగింది, నా కళ్లు మూసుకుపోయాయి.

ఇప్పుడు ఆదివారాలు మళ్లీ పాయింట్ టూ టూతోనే. ముందు సంచి కొయ్య కింద, చిన్న సంచి బట్ కింద. ఎడమచేత్తో ఆ చిన్న సంచిని నొక్కితే బట్ లేచి, గురి వెంట్రుకవాసి దిగుతుంది. చివర్లో ఆ పెద్ద తుపాకీతో ఐదే రౌండ్లు. డమ్మీ ఎన్నోదో అతనికే తెలుసు. పోయిన వారం అది పడ్డప్పుడు మూతి కాస్తే కదిలింది.