వైపరోపాఖ్యానం

మోటారు వాహనంలో యజమాని తన చేతులతో విప్పి, తన చేతులతోనే బిగించి, ఆ తరువాత నలుగురిలో చెప్పుకోదగిన భాగాలు మిక్కిలి తక్కువ. ఇంజను జోలికి వెళితే వారంటీ పోతుంది, బ్రేకుల జోలికి వెళితే ప్రాణం పోతుంది, మ్యూజిక్ సిస్టమ్ జోలికి వెళితే ఇంట్లో ప్రశాంతత పోతుంది. ఈ మూడు నష్టాలలో ఏదీ లేకుండా, కొన్ని వందల రూపాయల ఖర్చుతో మెకానిక్కు హోదాను అనుభవింపజేసేది వైపరు ఒక్కటే. ముందు అద్దం మీది నీటిని నెట్టివేసే రబ్బరు పట్టీని, దానిని అద్దం వంపుకు అనుగుణంగా పట్టి ఉంచే చట్రాన్ని కలిపి బ్లేడు అంటారు. ఆ బ్లేడును స్ప్రింగు బలంతో అద్దానికి అదిమిపట్టే లోహపు కడ్డీ ఆర్మ్. ఆర్మ్‌ను అటూ ఇటూ ఊపేవి బానెట్ కింద దాగిన మోటారు, దానికి జతపడిన లింకేజి అనే కడ్డీల కూర్పు. వీటిలో యజమాని మార్చేది సాధారణంగా బ్లేడును మాత్రమే అయినా, ఆ సాయంత్రం అతని నడకలో కనిపించే ఠీవి ఇంజను మార్పించినవాడికి కూడా ఉండదు. మార్చిన తరువాత దారి స్పష్టంగా కనబడుతుందన్న మాట నిజమే; ఆ స్పష్టతకు అసలు కారకులెవరన్నదే విచారించదగిన విషయం.

తెలుగు నేల మీద వైపరును చంపేది వాన కాదు, ఎండ. రోళ్ళు పగిలే రోహిణి కార్తెలో రామగుండంలోనో రెంటచింతలలోనో నీడలేని చోట నిలిపిన కారు అద్దం మీద ఆ రబ్బరు పట్టీ నెలల తరబడి ఒకే భంగిమలో అణగి పడి ఉంటుంది. ఎండలోని అతినీలలోహిత కిరణాలు, గాలిలోని ఓజోను, గాజు మీది వేడి ఏకమై రబ్బరుకున్న సాగే గుణాన్ని హరించగా, అంచు గట్టిపడి, బీటలు వారి, అణగిన వైపే వంగి బిగుసుకుపోతుంది. ఇదంతా యజమాని కళ్ళెదుటే జరుగుతున్నా అతని కంటికి ఆనదు; వాన లేనప్పుడు వైపరును పలకరించే అలవాటు మనుషులలో లేదు. రైతు మృగశిర రాకముందే నాగలి సరిచూసుకుంటాడు. కారు యజమాని మాత్రం తొలకరి పడిన తరువాత, అదీ జాతీయ రహదారి మీద, అదీ ముందు వెళుతున్న లారీ చక్రాలు బురదనీళ్ళు చిమ్మిన తరువాత, ఆ ఏటికి తొలిసారిగా వైపరు మీటను తాకుతాడు. అప్పుడు ఆ ఎండిన రబ్బరు బురదను అద్దమంతటికీ పక్షపాతం లేకుండా పంచిపెట్టి, ఒకే ఒక్క చోట గాజును నిర్మలంగా తుడుస్తుంది. ఆ చోటు డ్రైవరు చూపుకు జానెడు పైననో జానెడు కిందనో ఉండటం ప్రకృతి నియమాలలో ఒకటిగా పరిగణించవచ్చు.

ఈ నియమం అనుభవంలోకి వచ్చినవాడు విజయవాడవాసి అయితే ఆటోనగర్‌కు, సికింద్రాబాదువాసి అయితే రాణిగంజ్‌కు బయలుదేరుతాడు. అక్కడ మూడు జాతుల బ్లేడులు ఎదురవుతాయి. మొదటిది సంప్రదాయ జాతి అయిన ఫ్రేము బ్లేడు: ఒక పెద్ద విల్లు కింద చిన్న విల్లులు కీళ్ళతో వేలాడుతూ రబ్బరును కొన్ని బిందువుల దగ్గర మాత్రమే అదిమిపడతాయి గనుక, ఆ కీళ్ళలో దుమ్మూ తుప్పూ చేరినప్పుడు రబ్బరు కొన్నిచోట్ల అద్దాన్ని తాకుతుంది, కొన్నిచోట్ల తాకినట్టు నటిస్తుంది. రెండవది ఫ్రేమ్‌లెస్, అంటే విల్లులేవీ లేకుండా ముందే వంపు తిప్పిన ఉక్కు పట్టీని లోపల దాచుకున్నది. అద్దానికి ఆనించగానే ఆ ఉక్కు సాగి ఒత్తిడిని పొడవునా దాదాపు సమానంగా పంచుతుంది, పైగా ఎత్తు తక్కువ కావడం వల్ల వేగంలో గాలి దానిని అంత తేలికగా లేపలేదు. మూడవది హైబ్రిడ్, లోపల పాత విల్లులే ఉంటాయి గాని పైన నల్లని ప్లాస్టిక్ తొడుగు ఉంటుంది. రబ్బరులోనూ భేదాలున్నాయి: సహజ రబ్బరు అంచుకు గ్రాఫైటు పూత పూస్తే రాపిడి తగ్గుతుంది, సిలికోన్ ఎండను ఎక్కువ కాలం ఓర్చుకుంటుంది, అందుకు తగ్గ ధరను కొన్నవాడు ఓర్చుకోవాలి. ఈ విజ్ఞానమంతటినీ దుకాణంలోని కుర్రవాడు ఒక్క వాక్యంలోకి కుదిస్తాడు: “ఇది మామూలుది సార్, ఇది మంచిది సార్.” మామూలుది కొనడానికే వచ్చిన మనిషి సైతం ఈ వర్గీకరణ విన్న తరువాత మామూలుది అడగలేడు.

జాతి తేలిన తరువాత పొడవు ప్రశ్న వస్తుంది. చాలా కార్లలో రెండు బ్లేడులూ సమానంగా ఉండవు. డ్రైవరు ముందుది 24 అంగుళాలు, అంటే సుమారు 600 మిల్లీమీటర్లు ఉంటే, పక్క సీటు ముందుది 16 అంగుళాలే, అంటే సుమారు 400 మిల్లీమీటర్లే ఉండవచ్చు. పక్క సీటులో కూర్చున్నవారు దీనిని వివక్షగా భావించే అవకాశం ఉన్నప్పటికీ, రెండు ఆర్మ్‌లు ఊగుతూ ఒకదానికొకటి తగలకుండా ఉండాలని, బండి నడిపేవారు చూసే భాగం ఎక్కువగా శుభ్రపడాలని చేసిన ఏర్పాటు ఇది. సరిగ్గా ఇక్కడే “పెద్దదే మంచిది” అనే సిద్ధాంతం రంగప్రవేశం చేసి, 24 ఉన్నచోట 26 పట్టదా అని అడిగిస్తుంది. ఆర్మ్‌లోని స్ప్రింగు బలం మారదు గనుక అదే బలం ఎక్కువ పొడవుకు పంపిణీ అయి ప్రతి అంగుళానికీ అందే ఒత్తిడి తగ్గుతుందని, బ్లేడు కొస అద్దం పక్కనున్న స్తంభానికి కొట్టుకోవచ్చని, మోటారు మీద భారం పెరుగుతుందని భౌతికశాస్త్రం హెచ్చరిస్తుంది. కాని భౌతికశాస్త్రానికి రాణిగంజ్‌లో దుకాణం లేదు.

మెరుగైన వైపరు కోసం జరిగే ఈ అన్వేషణకు నూటఇరవై ఏళ్ళు దాటిన చరిత్ర ఉంది. అమెరికాలో అలబామా రాష్ట్రానికి చెందిన మేరీ ఆండర్సన్, న్యూయార్క్ చలికాలంలో ట్రాము నడిపేవారు అద్దంలోంచి దారి కనబడక పడే అవస్థ చూసి, లోపల మీట తిప్పితే బయట గాజును తుడిచే సాధనాన్ని రూపొందించి 1903 నవంబరు 10న పేటెంటు పొందింది. ఆ సాధనానికి వ్యాపారపరమైన విలువ లేదని 1905లో ఒక కెనడా సంస్థ తేల్చిచెప్పింది. చివరకు పేటెంటు గడువు తీరిపోయింది గాని ఆమెకు డబ్బు మాత్రం చేరలేదు. తరువాత కొన్ని దశాబ్దాలపాటు అనేక కార్లలో వైపర్లు విద్యుత్తుతో గాక, ఇంజను గాలి పీల్చేటప్పుడు ఏర్పడే శూన్యపు లాగుడుతో నడిచేవి; యాక్సిలరేటరు గట్టిగా తొక్కితే ఆ లాగుడు తగ్గిపోతుంది గనుక, వానలో ఎత్తు ఎక్కుతున్నప్పుడు, అంటే చూపు అత్యవసరమైన ఘడియలోనే, వైపరు విశ్రాంతికి ఉపక్రమించేది. ఫోక్స్‌వ్యాగన్ బీటిల్ కారులో అద్దం మీదికి నీళ్ళు చిమ్మే ఒత్తిడిని స్పేరు టైరులోని గాలి నుంచి తీసుకునేవారు. శుభ్రత మీద మక్కువ ఎక్కువైన యజమానికి పంక్చరు పడిన రోజున స్పేరు టైరు మెత్తగా దర్శనమివ్వకుండా, గాలి ఒక హద్దుకు దిగగానే సరఫరాను ఆపే కవాటం కూడా పెట్టవలసి వచ్చింది. ఇక చినుకులకు ఆగి ఆగి తుడిచే వైపరును రాబర్ట్ కెర్న్స్ 1960లలో కనురెప్ప ఆడే తీరును అనుసరించి రూపొందించాడు. 1953లో పెళ్ళినాటి రాత్రి షాంపేన్ సీసా బిరడా తగిలి ఎడమ కన్ను దెబ్బతినడం అతనిని రెప్పల గురించి ఆలోచింపజేసింది. తన రూపకల్పనను అనుమతి లేకుండా వాడుకున్నారని అతడు వేసిన దావాలో ఫోర్డ్ సంస్థ 1990లో కోటీ రెండు లక్షల డాలర్లు చెల్లించి రాజీ పడింది. వైపరు ఆడినందుకు కాక ఆగినందుకు ఇంత సొమ్ము ముట్టడం ఆర్థికశాస్త్రజ్ఞులు గమనించదగిన అంశం.

కెర్న్స్‌కు న్యాయస్థానంలో ఎదురైన కష్టాలకు తీసిపోనివి బ్లేడు బిగించేవాడికి అపార్ట్‌మెంటు సెల్లారులో ఎదురవుతాయి. బానెట్ ముందు ఒక మనిషి వంగితే చాలు, సలహాసంఘం దానంతటదే ఏర్పడుతుంది. “బాబూ, అటు కాదు, ఇటు లాగు” అని మూడో అంతస్తు పెద్దాయన, “మెల్లగా సార్, ఇరిగిపోద్ది” అని వాచ్‌మన్, “యూట్యూబ్‌లో చూడండి అంకుల్” అని పదో తరగతి కుర్రవాడు ఏకకాలంలో మార్గదర్శనం చేస్తారు. ఆర్మ్‌ను పైకి లేపి, బ్లేడు నడుమ ఉన్న చిన్న ప్లాస్టిక్ నాలుకను నొక్కి, ఆర్మ్ చివరి కొక్కెం నుంచి బ్లేడును కిందికి జరిపితే పాతది ఊడివస్తుంది. కొత్తదానిని ఎదురు దిశలో జరిపి ‘టక్’మన్న శబ్దం వినబడితే బిగింపు పూర్తయినట్టు. పని ఇంతే అయినా, అన్ని కంపెనీల ఆర్మ్‌లకూ సరిపడాలని తయారీదారు పెట్టెలో మరికొన్ని ప్లాస్టిక్ ముక్కలు పెడతాడు. వీటిని అడాప్టర్లు అంటారు. అవి చివరకు మిగిలిపోవడం చూసి, బండిలో ఏదో వేయడం మరిచిపోయామన్న అనుమానం యజమానిని నిద్రపోనివ్వదు. అసలు ప్రమాదం మరొకచోట ఉంది: బ్లేడు లేని ఆర్మ్ చేయి జారి స్ప్రింగు బలంతో అద్దం మీద పడితే, రెండు గాజు పొరల నడుమ ప్లాస్టిక్ పొర అతికించిన లామినేటెడ్ గాజు గనుక ముక్కలై రాలకపోవచ్చు గాని పగులు మాత్రం పాకవచ్చు, ఆ అద్దం ధర ముందు వైపర్ల ధర చిల్లర కిందికి వస్తుంది. అద్దం మీద మడిచిన తువ్వాలు పరిస్తే ఈ ముప్పు తప్పుతుందని అందరికీ తెలుసు. తువ్వాలు తేవడానికి నాలుగు అంతస్తులు ఎక్కాలి గనుక ఎవరూ తేరు.

బ్లేడుకు జంటగా పనిచేసేది వాషరు. బానెట్ కింద నీళ్ళ ట్యాంకు, చిన్న పంపు, గొట్టం, చివర నాజిల్ అనే సన్నని రంధ్రపు మూతి కలిస్తే వాషరు అవుతుంది. పాత నాజిళ్ళు నీటిని ఒకటి రెండు ధారలుగా చిమ్ముతాయి, మెరుగుపరచిన ఫ్యాన్ నాజిళ్ళు దానినే విసనకర్ర ఆకారపు తుంపరగా పరుస్తాయి, మరికొన్ని కార్లలో నాజిళ్ళు ఆర్మ్ మీదనే ఉండి బ్లేడుకు ముందుగా అద్దాన్ని తడుపుతూ సాగుతాయి. బానెట్ మీది ధార నాజిళ్ళలో చాలావాటిని పిన్నీసు మొనతో తిప్పి గురి సరిచేయవచ్చు. ఆ గురి రవ్వంత పైకి తప్పితే నీరు అద్దాన్ని దాటి, పైకప్పును కూడా దాటి, వెనక వస్తున్న స్కూటరిస్టు మీద పడుతుంది, అతడు నిర్మలమైన ఆకాశం వంక చూసి ఆలోచనలో పడతాడు. ట్యాంకులో బోరు నీళ్ళు పోస్తే అందులోని లవణాలు నాజిల్‌ను పూడ్చి, ఆరిన తరువాత గాజు మీద తెల్లని మరకలు మిగులుస్తాయి. ఆ మరకలు పోవాలని షాంపూ ప్యాకెట్టు చింపి పోసేవారికి మరకలకు తోడు నురగ లభిస్తుంది. అమెరికాలో మంచు కురిసే రాష్ట్రాలలో స్థిరపడిన తెలుగువారు మామూలు నీటికి బదులు గడ్డకట్టని ద్రవాన్ని పోయక తప్పదు. బ్లేడు అద్దానికి అతుక్కుపోకుండా అక్కడ మంచు పడబోయే ముందు ఆర్మ్‌లను పైకి లేపి ఉంచుతారు. హైదరాబాదులోనూ తెల్లవారేసరికి ఆర్మ్‌లు లేచే ఉంటాయి, కాకపోతే కారు కడిగే కుర్రవాడు తన పని ముగిసిందని ఇచ్చే రసీదు అది.

ఇంత చేసిన తరువాత కూడా కొన్ని కార్లలో కొత్త బ్లేడు టకటకమని గెంతుతూ తుడుస్తుంది. రబ్బరు అంచు గాజును ఒక క్షణం పట్టుకుని, మరుక్షణం జారి, మళ్ళీ పట్టుకోవడం వల్ల ఈ కంపనం పుడుతుంది. నిజానికి వైపరు ఒక వైపు తిరిగేటప్పుడు రబ్బరు అంచు వెనక్కి వాలి ఈడ్చుకుంటూ రావాలి, దిశ మారగానే అది రెండో వైపుకు ఒరగాలి; ఆర్మ్ ఏ కాస్త మెలితిరిగి ఉన్నా ఒక దిశలో నున్నగా తుడిచి, మరో దిశలో గెంతుతుంది. ఈ దోషం ఆర్మ్‌దని గ్రహించక బ్లేడు వెంట బ్లేడు మార్చేవారి వల్ల దుకాణాలు చల్లగా ఉన్నాయి. ఇంతకన్నా సామాన్యమైన దోషి మరొకటి ఉంది: డీజిలు పొగలోని జిడ్డు, కారు కడిగేచోట పూసిన పాలిష్, చచ్చిన పురుగుల అవశేషాలు కలిసి గాజు మీద కంటికి కనిపించని పొరగా పేరుకుంటాయి, ఎంత ఖరీదైన రబ్బరైనా ఆ పొర మీద నీటిని చారలుగా గీయడం తప్ప మరేమీ చేయలేదు. వైపరు చెడిపోయిన రాత్రి లారీ డ్రైవర్లు అద్దానికి పొగాకు రుద్దుతారని చెప్పే మాట వెనుక ఉన్న తర్కం ఇదే. వారు బాగుచేసేది వైపరును కాదు, అద్దాన్ని.

ప్రారంభంలో లేవనెత్తిన ప్రశ్నకు సమాధానం ఇక్కడ దొరుకుతుంది. కొత్త బ్లేడు కొన్న మనిషి, కొత్తదానికి మురికి అద్దం తగదన్న ఔచిత్యబుద్ధితో, ముందుగా గిన్నెలు తోమే ద్రవం తెచ్చి గాజును రుద్ది, మంచినీళ్ళతో కడిగి, పొడిగుడ్డతో తుడుస్తాడు. ఏడాదిలో ఆ అద్దానికి జరిగిన ఏకైక సత్కారం అదే. తరువాత వాన పడినప్పుడు కనిపించే స్పష్టతలో చాలాభాగం గుడ్డ సంపాదించినదే అయినా, కీర్తి మొత్తం బ్లేడు ఖాతాలో జమ అవుతుంది. కేంద్ర మోటారు వాహనాల నియమావళి, 1989లోని 101వ నియమం సైతం సమర్థమైన వైపరును కోరిందే గాని గుడ్డ ప్రస్తావన తేలేదు. పాత బ్లేడును పారవేయకముందు దాని అంచును తడిగుడ్డతో తుడిచి, అద్దాన్ని కడిగి చూసినవారిలో కొందరికి కొత్తది కొనే అవసరమే ఉండదు. బీటలు వారిన రబ్బరుకు మాత్రం మార్పు తప్ప మందు లేదు. ఈ పరీక్షకు రూపాయి ఖర్చు లేదు, అయినా దానికి ప్రచారం లేకపోవడానికి కారణం సామాజికమైనది. ఫ్రేమ్‌లెస్ బ్లేడులు వేయించానని చెబితే పక్కింటాయన బయటికి వచ్చి, వేలితో తాకి చూసి, ధర అడుగుతాడు. అద్దం తుడిచానని చెబితే, ఆ పని తమ వాచ్‌మన్ రోజూ చేస్తాడని చెప్పి లోపలికి వెళ్ళిపోతాడు.