స్కొలారి గారికి సన్మాన పత్రం

లూయిజ్ ఫెలిపె స్కొలారి గారూ,

బ్రెజిల్ ఫుట్‌బాల్ గురించి రాయబోయే ఎవరికైనా మిమ్మల్ని పొగడక తప్పదు. ఆ దేశానికి ఐదో ప్రపంచ కప్పు తెచ్చింది మీరే. సొంతగడ్డ మీద ఆ దేశం తల దించుకున్న రోజున జట్టును నడిపిందీ మీరే. ఆ రెండింటికీ మూలం మీలోని ఒకే గుణం: నమ్మినవాళ్లను వదలకపోవడం. ఆ గుణాన్ని స్తుతించడానికే ఈ పత్రం.

ముందుగా మీ నిజాయతీకి నమస్కారం. 1948లో రియో గ్రాండే దో సుల్ రాష్ట్రంలోని పాసో ఫుందోలో పుట్టారు. మీ నాన్నగారు కూడా డిఫెండరే. కషియాస్ లాంటి చిన్న క్లబ్బుల్లో రక్షణ పంక్తి మధ్యన నిలబడి ఆడారు. కాళ్లలో నేర్పు లేదని జనం మిమ్మల్ని కర్రకాళ్లవాడన్నారు. మీరు గొప్ప ఆటగాడినని ఏనాడూ చెప్పుకోలేదు. ఎదుటివాడిని ఆడనివ్వకపోవడం కూడా ఆటలో భాగమేనని గట్టిగా నమ్మారు. 1981లో సీఎస్‌ఏ క్లబ్బుతో అలగోవాస్ రాష్ట్ర టైటిల్ గెలిచి, ఆటగాడిగా విరమించి, అదే క్లబ్బులో కోచ్‌గా మొదలుపెట్టారు. మైదానంలో నేర్చుకున్న పాఠాన్ని కోచ్ కుర్చీలోకీ తెచ్చుకున్నారు. పీలే, గరించా, జీకో లాంటివాళ్లను కన్న దేశానికి, వాళ్లు లేకపోయినా గెలవవచ్చని మీరు చూపించారు.

చూపించిన తీరు మామూలుది కాదు. పేరు లేని క్రిసియూమాకు 1991లో బ్రెజిల్ కప్పు, గ్రేమియోకు 1995లో, పాల్మెయిరాస్‌కు 1999లో దక్షిణ అమెరికా క్లబ్బుల లిబెర్తదోరెస్ కప్పు. డబ్బున్న క్లబ్బులకు ఎదురొడ్డి నిలవడం మీ దగ్గర నేర్చుకోవాలి. ఒంటి బలం, బంతి ఆగిన చోటు నుంచి ఎత్తి వేసే క్రాస్, అవసరమైన చోట ఫౌల్, అవతలివాడి లయ చెడగొట్టే ఓపిక. వీటితో కప్పులు వస్తాయని మీరు నిరూపించారు. మీ ప్రతి గెలుపుతోనూ, మిడ్‌ఫీల్డ్‌లో బంతి దగ్గర పెట్టుకుని ఆలోచించే ఆటగాడు లేకపోయినా పరవాలేదనే వాదానికి బ్రెజిల్‌లో బలం పెరిగింది. ఆ ఘనతలో పెద్ద వాటా మీదే.

2002 ప్రపంచ కప్పు సంగతి ప్రపంచమంతా ఎరుగును. అర్హత పోటీల మధ్యలో జట్టు కోచ్‌లను మారుస్తూ తడబడుతుంటే 2001లో మీరు బాధ్యత తీసుకున్నారు. ఆ ఏడాది కోపా అమెరికాలో హొండురాస్ చేతిలో 2-0తో ఓడినా బెదరలేదు. దేశం రొమారియో కావాలని కేక పెట్టింది. ఆయన విలేకరుల ముందు కన్నీళ్లు పెట్టుకున్నా మీరు కరగలేదు. మోకాలు రెండుసార్లు చితికిపోయి కోలుకుంటున్న రొనాల్డోను మాత్రం నమ్మారు. జట్టుకు స్కొలారి కుటుంబమని పేరు పడింది. ఆడిన ఏడు మ్యాచ్‌లూ గెలిచి, జూన్ 30న యోకొహామా ఫైనల్లో జర్మనీని 2-0తో ఓడించారు. రెండు గోల్సూ రొనాల్డోవే. ఒక కోచ్ నమ్మకం ఇంతకన్నా బాగా ఫలించలేదు. మీ ఇబ్బంది కూడా అక్కడే మొదలైంది. రొనాల్డో కాలి మహిమ, రివాల్డో, రొనాల్డీన్యోల తెలివి కలిసి సాధించినదాన్ని దేశం మీ కుటుంబ పద్ధతి ఖాతాలో వేసింది. మీరూ కాదనలేదు.

తర్వాత పోర్చుగల్ జట్టు కోచ్‌గా ఉన్నప్పుడూ ఆ పద్ధతి జనాన్ని ఒక్కటి చేసింది. 2004 యూరో కప్పు నాటికి ఆ దేశం ఇళ్ల కిటికీలకు జెండాలు కట్టడం వెనుక మీ పిలుపుంది. 2006 ప్రపంచ కప్పులో సెమీఫైనల్ దాకా తీసుకెళ్లారు. ఇవన్నీ సత్యం. 2004లో మొదటి మ్యాచ్‌లో గ్రీస్ 2-1తో ఓడించడమూ, మూడు వారాల తర్వాత లిస్బన్ ఫైనల్లో అదే గ్రీస్ మళ్లీ 1-0తో ఓడించడమూ సత్యమే. ఒకే ప్రత్యర్థి ఒకే టోర్నీలో రెండుసార్లు వచ్చి, రెండోసారి కూడా జవాబు లేకుండా చేసి వెళ్లింది. 2007లో సెర్బియా ఆటగాడి మీదికి చెయ్యి విసిరి యూఫా నిషేధం అనుభవించారు. మీ పిల్లల జోలికొస్తే ఊరుకోరన్న మాట అక్షరాలా నిజమైంది.

2012లో పాల్మెయిరాస్‌కు మరోసారి బ్రెజిల్ కప్పు తెచ్చారు. లీగ్‌లో జట్టు కింది స్థానాల్లో ఉండగా సెప్టెంబరులో బయటికొచ్చారు. ఏడాది చివరికి ఆ క్లబ్బు రెండో శ్రేణికి పడిపోయింది. ఆ నవంబరులోనే బ్రెజిల్ ఫుట్‌బాల్ సమాఖ్య మిమ్మల్ని పిలిచి, సొంతగడ్డ మీద జరిగే ప్రపంచ కప్పు బాధ్యత చేతిలో పెట్టింది. వర్తమానం ఎలా ఉన్నా పాత పతకాన్ని మరచిపోని సమాఖ్య కృతజ్ఞతకూ ఈ పత్రంలో చోటివ్వాలి. పదేళ్ల కిందటి పేరును ఆ పెద్దలు రేపటి పథకంగా లెక్కవేసుకున్నారు.

2013 కాన్ఫెడరేషన్స్ కప్పు ఫైనల్లో ప్రపంచ విజేత స్పెయిన్‌ను మరకానాలో 3-0తో ఓడించినప్పుడు ఆ లెక్క సరైనదనిపించింది. గెలిపించిన పిల్లలను మీరు మర్చిపోలేదు. ఏడాది తిరిగేసరికి వాళ్లలో కొందరి ఆట పడిపోయినా వాళ్ల చోటు పోలేదు. ఆ ఏడాదే స్పెయిన్ లీగ్ గెలిచి, చాంపియన్స్ లీగ్ ఫైనల్ ఆడిన అట్లెటికో మాడ్రిడ్ రక్షణలో మిరాండా, ఫిలిపె లూయిస్ ఉన్నారు. ఇద్దరూ బ్రెజిల్ వాళ్లే, ఇద్దరూ డిఫెండర్లే. డిఫెండర్ విలువ తెలిసిన మీరు వాళ్లను ఇంట్లో కూర్చోబెట్టి, మీ కుటుంబ సభ్యులను కాపాడుకున్నారు.

2014 ప్రపంచ కప్పులో ఆ కుటుంబం ఎంత కట్టుగా ఉందో దేశమంతా చూసింది. జాతీయ గీతం పాడుతూ ఏడ్చారు. చిలీతో మ్యాచ్‌లో పినిల్యా కొట్టిన బంతి చివరి నిమిషంలో క్రాస్‌బార్‌కు తగిలి బయటపడితే ఏడ్చారు. పెనాల్టీల వేళ కెప్టెన్ తియాగో సిల్వా బంతి మీద కూర్చుని ఏడ్చాడు. మీరు మనస్తత్వ నిపుణురాలిని పిలిపించారు. అది మంచి పనే. ఆ కన్నీళ్ల వెనుక మిడ్‌ఫీల్డ్‌లో బంతి నిలబెట్టే మనిషి లేడన్న సంగతికి మాత్రం మందు వెయ్యలేదు. కొలంబియాతో మ్యాచ్‌లో రెండు జట్లూ కలిపి 54 ఫౌల్స్ చేశాయి. అందులో మీవాళ్లవి 31. జేమ్స్ రొడ్రిగెజ్‌ను ఆడనివ్వకూడదన్న పాత పాఠాన్ని మీ కుర్రాళ్లు తు.చ. తప్పకుండా పాటించారు. హద్దు లేకుండా సాగిన ఆ మ్యాచ్‌లోనే నెయ్‌మార్ వెన్నుపూస విరిగింది. టోర్నీలో రెండో పసుపు కార్డుతో కెప్టెన్ సెమీఫైనల్‌కు దూరమయ్యాడు.

2014 జూలై 8, బెలో హొరిజోంటె, మినెయిరావ్ స్టేడియం, జర్మనీతో సెమీఫైనల్. రాలేకపోయిన నెయ్‌మార్ చొక్కాను గీతం వేళ ఇద్దరు ఆటగాళ్లు పట్టుకుని నిలబడ్డారు. లేనివాడి మీద అంత ప్రేమ చూపిన జట్టు మరొకటి లేదు. ఉన్న పదకొండు మందినీ ఎలా నిలబెట్టాలన్న ప్రశ్నకు మీ జవాబు వింగర్ బెర్నార్డ్. జర్మనీ మధ్యలో ష్వైన్‌స్టైగర్, ఖెదీరా, క్రూస్ ముగ్గురు ఉంటే, మీ తరఫున లూయిజ్ గుస్తావో, ఫెర్నాండీన్యో ఇద్దరే ఉన్నారు. మూడో మనిషిని పెట్టి భయం చూపించలేదు. ఆ ధైర్యం మీదే, సందేహం లేదు.

11వ నిమిషంలో కార్నర్ నుంచి వచ్చిన బంతికి థామస్ ముల్లర్ దగ్గర ఒక్క డిఫెండరూ లేడు. జీవితమంతా రక్షణ మీదే బతికిన కోచ్ జట్టులో గోలు ముందు మనిషి ఒంటరిగా నిలబడ్డాడు. 23, 24, 26, 29 నిమిషాల్లో మరో నాలుగు గోల్స్. వాటిలో మొదటిది క్లోజాది. ప్రపంచ కప్పుల్లో అత్యధిక గోల్స్ రికార్డు ఆ టోర్నీ దాకా రొనాల్డోది. మీరు నమ్మి నిలబెట్టిన రొనాల్డో రికార్డు మీ కళ్లముందే, మీ జట్టు మీదే చెరిగిపోయింది. 29వ నిమిషానికి ఐదు గోల్స్ పడినా విరామం దాకా మీరు ఒక్కరినీ మార్చలేదు. మీ పిల్లలను మధ్యలో బయటికి లాగి అవమానించలేదు. అవమానం మొత్తాన్నీ వాళ్లే పంచుకున్నారు. చివరికి 7-1. సొంతగడ్డ మీద పోటీ మ్యాచ్‌లో బ్రెజిల్ అంతకుముందు ఓడింది 1975లో. నాలుగు రోజుల తర్వాత మూడో స్థానం పోటీలో నెదర్లాండ్స్ 3-0తో ఓడించింది.

బాధ్యత నాదేనని మీరన్నారు. అలా అనేవాళ్లు తక్కువ, అందుకు మెచ్చుకోవాలి. అదే నోటితో ఆరు నిమిషాల పాటు జట్టుకు ఏమీ పాలుపోలేదనీ, మిగతా పని సక్రమంగానే సాగిందనీ అన్నారు. మర్నాడు మీ పక్కనే కూర్చున్న మీ బృంద సహచరుడు కార్లోస్ పరైరా, మిమ్మల్ని మెచ్చుకుంటూ ఒక అభిమాని రాసిన ఉత్తరం చదివారు. ఏడు గోల్స్ పడ్డ మర్నాడు కూడా కుటుంబం ఒకరినొకరు ఓదార్చుకుంది. ఎందుకు ఓడామని అడిగినవాళ్లకు జవాబుగా ప్రేమ దొరికింది.

ఆ తర్వాతా మీరు ఆగలేదు. చైనాలో గ్వాంగ్‌జౌకు మూడు లీగ్ టైటిల్స్, 2018లో పాల్మెయిరాస్‌కు బ్రెజిల్ లీగ్, 2022లో అట్లెటికో పరానెన్స్‌తో లిబెర్తదోరెస్ ఫైనల్. డెబ్బైకి అటూ ఇటూ వయసులో ఆ శ్రమ అసలైనది. ఎవరూ దాన్ని తక్కువ చేయలేరు.

ఇంతకీ నా తీర్పు ఇది. మీరు ఆటగాళ్లను ప్రేమించారు, అబద్ధం లేదు. కాని సెమీఫైనల్ ఆడబోయే కుర్రాడికి కోచ్ ఇవ్వాల్సినది ప్రేమతో పాటు ఒక పథకం. తన పక్కన ఎవరుంటారో, బంతి పోతే ఎవరు కాపు కాస్తారో చెప్పే పథకం. అది లేకుండా మైదానంలోకి పంపి, తర్వాత గుండెలకు హత్తుకుంటే కోచ్ బాధ్యత తీరదు. నిన్నటి మేలును మరచిపోకపోవడం మనిషిగా మీ సుగుణం. ఇవాళ బాగా ఆడుతున్నవాడిని దానికోసం పక్కనపెట్టడం కోచ్‌గా మీ తప్పు. ఆ తప్పుకు మూల్యం చెల్లించింది మీరొక్కరే కాదు. డేవిడ్ లూయిజ్, ఫ్రెడ్, ఫెర్నాండీన్యోలు ఆ స్కోరును జీవితాంతం మోయాల్సిందే.

బ్రెజిల్ సమాఖ్య పెద్దలకూ, ఆ మాటకొస్తే జట్లను నడిపే ప్రతి ఒక్కరికీ ఒక విన్నపం. కోచ్‌ను ఎంచేటప్పుడు అతను ఎప్పుడో గెలిచిన కప్పును కాదు, రేపటి మ్యాచ్‌కు అతని దగ్గరున్న ఆలోచనను అడగండి.