పెట్టెల పద్యం – టీకా తాత్పర్యాలు

అవతారిక: కోట అనే ఊళ్లో, సముద్రపు గాలి తగిలే ఒక మిద్దె ఇంట, మూడు జతల పాత స్పీకర్లు హాలును ఆక్రమించి సోఫాను వసారాలోకి తరిమిన సందర్భాన, గృహిణి చెలికత్తెతో (అనగా పక్కింటి అక్కతో) ఇట్లనుచున్నది.

ఆ. పాట యొకటె గాని పలుకు లనేకము
పెట్టె మార్చినంత పెరుగు రుచియు
కోట గాలి సోకి కోనులు చివికిన
మోజు తీరదమ్మ మొగునికింక

ప్రతిపదార్థం: పాట = రికార్డు మీది పాట; ఒకటె కాని = ఒక్కటే అయినను; పలుకులు = వినవచ్చు తీరులు; అనేకము = పెక్కు; పెట్టె = లౌడ్‌స్పీకరును; మార్చినంత = ఆంప్లిఫయరు వెనక తీగ పీకి వేరొకదానికి తగిలించగానే; రుచియు = ఆస్వాదమును; పెరుగు = వృద్ధి పొందును; కోట గాలి సోకి = ఈ ఊరి ఉప్పుగాలి తగిలి; కోనులు చివికిన = కోనులు శిథిలమైనను; అమ్మ = ఓ అక్కా; మొగునికి = భర్తకు; మోజు = వ్యసనము; ఇంక తీరదు = ఇకమీదట ఉపశమించదు.

‘పెరుగు రుచి’ని సమాసం చేసి మజ్జిగన్నం పరంగా అర్థం చెప్పినవారున్నారు. ఆకలి వేళ రాసిన వ్యాఖ్య గనుక ఉపేక్షించాలి.

తాత్పర్యం: స్పష్టము.

విశేషాలు: పాట మూలమైతే పెట్టె దానికి వ్యాఖ్యాత. ఇక్కడి మూలం ‘శంకరాభరణం’ (1980) రికార్డు. పెట్టెల్లో మొదటిది, 1970 నాటి జేబీయెల్ ఎల్-100, కాలిఫోర్నియా సరుకు. 12 అంగుళాల కాగితపు కోను, ముందుకు దూకే మధ్యస్థాయి. గాయకుడు బాలు ఆలాపన ఎత్తుకుంటే వసారా దాటి వీధిలోకి వచ్చేస్తాడు. రెండోది, 1967 నాటి ఏఆర్-3ఏ, మసాచుసెట్స్‌ది. బిగుతుగా మూసిన పెట్టె. లోపల చిక్కిన గాలే కోనుకు స్ప్రింగు. ఎడ్గార్ విల్చుర్ 1954లో ఏఆర్-1తో తెచ్చిన పద్ధతి ఇది. ఇందులో మృదంగం లోతుగా పలుకుతుంది, బాలు రెండడుగులు వెనక్కి జరిగి కూర్చుంటాడు. అమెరికావాళ్లు వీటిని పడమటి తీరం, తూర్పు తీరం సంప్రదాయాలంటారు. కోటదీ తూర్పు తీరమే గనుక ఏఆర్ పక్షమే మనదని ఒకరు వాదించారు. అది భూగోళం, సంగీతం కాదు.

మూడోది, బీబీసీ 1970లలో ప్రసార వ్యానుల కోసం రూపొందించుకున్న ఎల్ఎస్3/5ఏ. చంకలో పెట్టుకు పోవచ్చు. మనిషి గొంతు దీన్లో విన్నట్టు మరెందులోనూ వినపడదు. మూలంలో లేనిది రాయనన్న వ్యాఖ్యాత మల్లినాథసూరి ప్రతిజ్ఞ దీనిది. అయితే ఇంత చిన్న పెట్టెకు మంద్రం లోతు ఎక్కడిది? ఆ లోటు తెలియకుండా మంద్రం పైభాగాన కాస్త ఉబ్బు పెట్టారు. మల్లినాథుడు ఒప్పుకోడు. చెవి ఒప్పుకుంటుంది.

శంక: ఏది మేలు? సమాధానం: వాల్యూము కదపకుండా తీగలు మారిస్తే ఎల్-100 అరుస్తుంది, చిన్నది గొణుగుతుంది, అరిచినదే మేలని చెవి మోసపోతుంది. నాబు తిప్పి సమం చేశాకే వాదానికి దిగాలి. అప్పుడూ తెగదు. తెగకపోవడంలోనే రుచి. ఒకే పెట్టె ఉన్నవాడికి పాటలో తన పెట్టె ఏం కలిపిందో ఎన్నటికీ తెలియదు.

‘కోనులు చివికిన’ అన్నది లక్షణ. నిజంగా చివికేది కోను కాదు, కోనును చట్రానికి పట్టి ఉంచే ఫోము అంచు. తరవాతి ఏఆర్-3ఏలకు ఉన్నది అదే. గాలిలోని తేమకు పాలీయురెథేన్ విరిగి పిండైపోతుంది. ఎల్-100కు అంచు గట్టిదే గానీ ముందరి ఫోము జాలీకి అదే గతి. అంచు కొత్తది అతికించుకోవచ్చు. కనుక పాత పెట్టె కొనబోయే పాఠకులారా, ముందు గుడ్డ విప్పించి అంచును వేలితో మెల్లగా నొక్కి చూడండి. పొడి రాలితే ధర తగ్గించి అడగండి.