సెలవులు పెరిగినయి, నౌకరీలు తరిగినయి

మా మనవరాలికి కాన్పు సెలవు 26 వారాలు. జీతం ఒక్క రూపాయి తగ్గదు. అయినా మాదాపూర్ నుంచి ఫోన్ చేసి, "అమ్మమ్మా, మేనేజరు మొహం ముడుచుకుంటున్నడు" అని ఏడుస్తది. ముడుచుకోనీయవే! చట్టం ఇచ్చిన సెలవుకు మేనేజరు మొహంతో పనేంది? మా రోజుల్లో సెలవు కాగితం పట్టుకుని పోతే డాక్టరు సారు మొహం సంగతి దేవుడెరుగు, ఆయన తల కూడా ఎత్తకపోయేది.

నేను పాలమూరు జిల్లాలో ఏఎన్ఎంగా పనిచేసిన. ఊళ్లల్ల అందరికీ నర్సమ్మను. అప్పట్లో సబ్‌సెంటరంటే ఒక అద్దె గది, ఒక రేకు పెట్టె, సూదులు ఉడకబెట్టుకునే కిరోసిన్ స్టవ్వు. నాలుగైదు ఊళ్లు, వాటి చుట్టూ తండాలు. బస్సు దొరికితే బస్సు, లేకుంటే కాళ్లు. కాన్పు సెలవు మూడు నెలలు. అది అయిపోయిన తెల్లారే డ్యూటీ. చంటిదాన్ని మా అత్తమ్మ ఒళ్లో పెట్టి, టీకాల డబ్బా చేతబట్టుకుని పోయేదాన్ని. మధ్యాహ్నానికి పాలు కట్టి రవిక తడిసిపోయేది. కొంగు నిండుగా కప్పుకుని ఇంకో ఊరు నడిచేదాన్ని.

అంతకుముందు సంగతి ఇంకా చిత్రం. కుటుంబ నియంత్రణ టార్గెట్లు ముమ్మరంగా నడుస్తున్న కాలం. నెలకు ఇన్ని కేసులు తేవాలె, లేకుంటే మీటింగులో నిలబెట్టి తిట్టేది. నేనేమో నిండు చూలాలిని. ఇంటింటికీ పోయి "ఇద్దరు చాలమ్మా, ఆపరేషన్ చేయించుకోండ్రి" అని చెప్తుంటే, ఆడోళ్లు నా కడుపు చూసి, "ముందు నువ్వు చేయించుకో నర్సమ్మా!" అని కిసకిస నవ్వేది. వాళ్లతోపాటు నేనూ నవ్వి, పుస్తకంలో పేరు రాసుకుని వచ్చేదాన్ని.

ఇన్ని కష్టాలు చెప్తున్న కదా అని మా రోజులన్నీ చెడ్డవనుకోకండి. ఒక్క విషయంలో ఇప్పటి కాలం మా కాలిగోటికి సరిపోదు. మాకు ఆర్డరు కాగితం ఉండె. పర్మనెంటు నౌకరీ, స్కేలు, ఇంక్రిమెంటు. మగ హెల్త్ వర్కర్‌కు ఏ స్కేలో నాకూ అదే. ఆ కాగితం మీద రిటైరై, ఇప్పుడు నెల నెలా పెన్షన్ తీసుకుంటున్న. 2010లో సర్కారు కాన్పు సెలవును 180 రోజులు చేసింది. మంచిదే. అప్పటికే నా కాన్పులు, నా పిల్లల చదువులు అన్నీ అయిపోయినయి. దానికి నాకు ఏడుపు లేదు. నా ఏడుపంతా వేరే.

మొన్న మా పాత సబ్‌సెంటర్ దిక్కు పోయిన. సొంత బిల్డింగు వచ్చింది, ఫ్రిజ్జు వచ్చింది, రిజిస్టర్లు పోయి ట్యాబ్‌లు వచ్చినయి. ఇద్దరు ఆడపిల్లలు పక్కపక్కన కూర్చుని పిల్లలకు టీకాలు వేస్తున్నరు. ఒకామె రెగ్యులర్, రెండో ఆమె కాంట్రాక్టు. అదే సూది, అదే ట్యాబు, ఎండలో తిరిగే ఊళ్లు కూడా అవే. నెలాఖరుకు చేతికొచ్చే జీతం మాత్రం వేరు. ఏడాదికోసారి రెన్యువల్ అవుతదో లేదో అని ఆ రెండో పిల్లకు గుబులు. తాత్కాలిక ఉద్యోగులకు కూడా సమాన పనికి సమాన వేతనం ఇయ్యాలని పంజాబ్ కేసులో సుప్రీంకోర్టు 2016 అక్టోబర్‌లోనే చెప్పింది. ఆ తీర్పు మా సబ్‌సెంటర్ దాకా రావడానికి ఏ బస్సు ఎక్కాలెనో!

అదే గదిలో మూడో మనిషి ఆశా. 2005లో జాతీయ గ్రామీణ ఆరోగ్య మిషన్‌తో వచ్చిన ఏర్పాటు. గర్భిణిని అర్ధరాత్రి దవాఖానకు తోలుకపోయేది ఆమె, ఇంటింటికీ తిరిగి సర్వే చేసేది ఆమె. ఆమె ఉద్యోగి కాదంట, కార్యకర్తనంట. బాలింతల సెలవుల గురించి ఊరందరికీ చెప్పే మనిషికి సొంతంగా ఆదివారం కూడా లేదు. 1975లో మొదలైన అంగన్‌వాడీ టీచర్లదీ అదే కథ. వాళ్లకు గ్రాట్యుటీ హక్కు ఉన్నదని 2022లో సుప్రీంకోర్టు చెప్పేదాకా ఏ సర్కారుకూ తోచలేదు. 2023 సెప్టెంబర్‌లో అంగన్‌వాడీలు, ఆశాలు టెంట్లు వేసుకుని రోడ్డు మీద కూర్చుంటే, "ఈ ఆడోళ్లకు పని లేదా" అన్న మొగోళ్లను ఈ చెవులతో విన్న. పని ఉంది కాబట్టే కూర్చున్నరు నాయనా!

ఇగ పాలమూరు లేబర్ సంగతి. నాగార్జునసాగర్‌కు 1955 డిసెంబర్‌లో నెహ్రూ పునాదిరాయి వేసిండు. యంత్రాల మీద కంటే మనుషుల మీద ఎక్కువ ఆధారపడి కట్టిన రాతి ఆనకట్ట అది. రాళ్లు, గమేళాలు నెత్తిన పెట్టుకుని అంత ఎత్తుకు ఎక్కిన మా పాలమూరోళ్లలో ఆడోళ్లు ఎంతమందో. సాగర్ తర్వాత శ్రీశైలం, శ్రీశైలం తర్వాత దేశమంతా కాలువలు, రోడ్లు. దసరా దాటిందంటే మా ఊళ్లు ఖాళీ. గుంపు మేస్త్రీ అడ్వాన్సు ఇచ్చేది మొగని చేతికి, పనికి పోయేది ఆలుమొగలిద్దరూ. మొగడు తవ్వుతడు, ఆలి మోస్తది, లెక్క రాసేటప్పుడు ఒక్క పేరే. ఆమె కూలి ఎంతని అడిగితే మేస్త్రీకి నవ్వొచ్చేది.

నేను టీకాలకని ఒకసారి కాలువ పని కాడికి పోయిన. తుమ్మ చెట్టుకు పాత చీరతో ఊయల కట్టి ఉన్నది. లోపల నెల నిండని పసిగుడ్డు. పక్కన కాపలా, ఆరేండ్ల అక్క. ఊయల ఊపుకుంట ఈగలు తోలుతున్నది. తల్లి తట్ట దించి పాలియ్యడానికి వస్తే మేస్త్రీ కేక. "గంతసేపా?" ఆ పిల్ల బడికి పోయే ఈడు. తమ్ముని కోసం ఆమె బడి మానేసింది. తల్లికి పని కాడ పిల్లల గది లేకుంటే ఆ ఖర్చు కట్టేది ఇంట్లో పెద్దబిడ్డ.

చట్టాలు లేవా అంటే, బోలెడు. కాన్పు సెలవు చట్టం 1961లో వచ్చింది. సమాన వేతన చట్టం 1976లో వచ్చింది. 2017లో 12 వారాలను 26 చేసిండ్రు, 50 మంది పనిచేసే చోట పిల్లల గది పెట్టాలన్నరు. ఇప్పుడు వాటన్నిటినీ లేబర్ కోడ్‌లలో కలిపిండ్రు. కానీ సెలవు జీతం రావాలంటే కాన్పుకు ముందు ఏడాదిలో 80 రోజులు పనిచేసినట్టు చూపాలె. మస్టర్ మీద పేరే లేని మనిషి 80 రోజులు ఎక్కడ చూపుతది? ఢిల్లీ మున్సిపాలిటీలో మస్టర్ రోల్ మీద రోజుకూలీ చేసే ఆడోళ్లకూ కాన్పు సెలవు ఉన్నదని సుప్రీంకోర్టు 2000లో చెప్పింది. పేరెక్కినోళ్లకు సరే, ఎక్కనోళ్ల గతేంది? సమాన వేతనమూ అంతే. ఒకే పనికి ఒకే కూలి అంటది చట్టం. మరి పొలంలో నాట్లు, కలుపు ఆడోళ్ల పని. మందు కొట్టుడు, గట్లు వేసుడు మొగోళ్ల పని. పని పేరే వేరు చేస్తే రేటు వేరు చేయడం ఎంతసేపు? పొద్దంతా నడుం వంచి నాటేసేది తేలిక పని ఎట్లయిందో నాటేసి చూసినోడు ఒక్కడన్నా చెప్పాలె.

నిజం చెప్పాలంటే 2006లో ఉపాధి హామీ వచ్చినప్పుడు కొంత మారింది. మొదటి విడత జిల్లాల్లోనే మాది ఉన్నది. ఆడా మగా ఒకే రేటు. అయిదుగురు చంటిపిల్లలుంటే వాళ్లను చూసే మనిషికీ కూలి ఇయ్యాలని రాసిండ్రు. సొంతూళ్లో సమాన కూలి చూసిన ఆడమనిషి, ఆసామి తక్కువిస్తనంటే "అయితే కరువు పనికి పోతా" అనడం నేర్చింది. 2017లో సర్కారు దవాఖానలో కాన్పయితే కేసీఆర్ కిట్టు కింద 12 వేలు, ఆడపిల్లయితే 13 వేలు ఇచ్చిండ్రు. పోయిన కూలికి బదులని. ఇవి చూసి నాకు సంతోషమే. కానీ చేసినోళ్లే మళ్లీ కాంట్రాక్టు, ఔట్‌సోర్సింగ్ అని ఆర్డరు కాగితాలను మాయం చేస్తున్నరు.

మా వీధిలో ఒకామె ప్రైవేటు బడిలో టీచరు. అయిదో నెల రాగానే, "రెస్టు తీసుకోమ్మా, మళ్లీ జూన్‌ల చూద్దాం" అన్నరంట. ఎంత మర్యాద! సెలవు జీతం మొత్తం యజమాని జేబులోంచి పోవాలంటే, వాడు పెండ్లయిన పిల్లను తీసుకోకుండా ఉండే దారే వెతుకుతడు. ఈఎస్ఐ ఉన్నచోట ఆ భారం బీమా మీద పడుతది, యజమానికి నొప్పి ఉండదు. అట్లాంటి నిధి బడి టీచరుకు, దుకాణంలో నిలబడే పిల్లకు, కూలికి ఎందుకు ఉండకూడదు?

ఉన్న అంగన్‌వాడీనే అక్కరకొచ్చేటట్టు చేయొచ్చు. కూలికి పోయే తల్లి తెల్లవారక ముందే ఇల్లు దాటుతది. అంగన్‌వాడీ తలుపు ఆ తర్వాత ఎప్పటికో తెరుస్తరు, మూడేండ్లు నిండని పిల్లను రోజంతా ఉంచుకోరు. ఆర్నెల్ల పసివానికాడి నుంచి తీసుకుని, తల్లి ఇల్లు చేరేదాకా చూసుకుంటే, ఆ పని చేసే ఆయమ్మకు సరైన జీతమిస్తే, పెద్దబిడ్డలు బడికి పోతరు.

మనవరాలికి చెప్పిన, 26 వారాలు ఒక్కరోజు మిగల్చకుండా వాడుకొమ్మని. సర్కారుకు చెప్పేదీ ఉన్నది. సెలవు వారాలు ఇంకా పెంచుతమని మైకుల్లో చెప్పొద్దు. ముందు మా సబ్‌సెంటర్‌లో కూర్చున్న రెండో పిల్లకు ఆర్డరు కాగితం ఇయ్యండ్రి. తన దగ్గర పనిచేసే ఆడోళ్లకే సమాన జీతం ఇయ్యలేని సర్కారు మేస్త్రీని ఏం గద్దిస్తది?