రీల్లో సూర్యుడు, బిల్లులో చుక్కలు

నంద్యాల జిల్లాకు ఎండ కొదవ ఎన్నడూ లేదు. ఇప్పుడు ఆ ఎండను పొగిడే కుర్రాళ్లకూ కొదవ లేదు. ఆదివారం వస్తే చాలు, బుల్లెట్ బండికి ఫుల్ ట్యాంకు పెట్రోలు కొట్టించి గని, శకునాల వైపు దౌడు తీస్తారు. అక్కడ దాదాపు ఆరు వేల ఎకరాల్లో 2017లో పూర్తయిన వెయ్యి మెగావాట్ల సోలార్ పార్కు ఉంది. కంచె బయట కుర్రాడు చేతులు చాచి స్లోమోషన్లో తిరుగుతాడు. వెనకాల సినిమా సంగీతం, కింద 'భూమాతను కాపాడుకుందాం' అని అక్షరాలు. సాయంత్రానికి లైకులు మెగావాట్లలో ఉత్పత్తి అవుతాయి.

కాలేజీల సంగతి మరీ ముచ్చట. డిసెంబరు 14 ఇంధన పొదుపు దినం. ఆ వారమంతా ర్యాలీలే. 'శిలాజ ఇంధనాలకు స్వస్తి' అన్న అట్ట పట్టుకుని పిల్లలు ఎండలో బారులు తీరితే, జెండా ఊపాల్సిన పెద్దమనిషి ఏసీ కారు ఇంజిను ఆపకుండా లోపలే కూర్చుంటాడు. వ్యాసరచన పోటీలో ఫస్ట్ ప్రైజు స్టీలు టిఫిన్ బాక్సు. వ్యాసం రాసింది చాట్‌జీపీటీ. పాపం, దానికి బాక్సు కూడా దక్కదు.

అసలు పరీక్ష ఆళ్లగడ్డలో జరిగింది. ఇంజినీరింగ్ మూడో ఏడు చదివే మనవడు మిద్దె మీద సోలార్ పెట్టిద్దామని జేజిని పట్టుకున్నాడు.

"జేజీ, వాతావరణ మార్పును మనమే అరికట్టల్ల."

"అరికడుదువులే నాయనా. ఇంతకీ కరెంటు పోతే, ఆ పలకలుండంగ ఫ్యాను తిరుగుతాదా?"

కుర్రాడు ఫోను తీశాడు. తిరగదు. బ్యాటరీ లేని పలకలైతే లైన్లో కరెంటు పోగానే అవీ ఆగిపోతాయి. ఆగకపోతే స్తంభమెక్కిన లైన్‌మన్ ప్రాణాల మీదికొస్తుంది. ఇంత ముఖ్యమైన మాట ఒక్క రీల్లోనూ కనబడదు. దీనికి సంగీతం కుదరదేమో.

"సరే, మన ఊర్లో శిల్పాలు చెక్కే మిషన్ల దుమ్మంతా మన మిద్దె మీదికే వస్తాది గదా. ఎవరు కడుగుతారు, నువ్వా?"

దుమ్ము పట్టిన పలక తక్కువ కరెంటు ఇస్తుందని మనవడికి తెలుసు. కడగాల్సింది తనేనని అప్పుడే తెలిసింది.

"సర్లే, ఎంత పడతాది? గవర్నమెంటోళ్లు ఎంతిస్తారు?"

ఇక్కడ కుర్రాడు గట్టెక్కాడు. 2024లో వచ్చిన పీఎం సూర్యఘర్ పథకం కింద ఒక కిలోవాట్‌కు 30 వేలు, రెండింటికి 60 వేలు, మూడు, ఆపైన ఎన్నయినా 78 వేలు. కిలోవాట్‌కు రోజుకు సుమారు నాలుగు యూనిట్లు. జేజి మంచం మీద లేచి కూర్చుంది.

"ఈ మాట ముందే చెప్పక, గంటసేపు భూమాత అంటావేమిరా!"

ఇలా నేల మీది మాట చెప్పే కుర్రాళ్లూ లేకపోలేదు. పాణ్యం మండలం పిన్నాపురం దగ్గర గ్రీన్‌కో వాళ్ల 1,680 మెగావాట్ల పంప్డ్ స్టోరేజీ ప్రాజెక్టు గురించి నంద్యాల టీ బంకు దగ్గర ఐటీఐ కుర్రాడొకడు చెబుతుంటే విన్నాను. పగలు మోటారేసి మిద్దె మీది ట్యాంకు నింపుకుని రాత్రి కొళాయి తిప్పుకున్నట్టు, ఎండ కరెంటుతో నీళ్లు పైకి తోడి, పొద్దు పోయాక కిందికి వదిలి టర్బైన్లు తిప్పుతారట. టీ తాగే లోపల అందరికీ అర్థమైంది. వీడియో ఎవరూ తీయలేదు కాబట్టి ఈ ఘనకార్యం చరిత్రకెక్కలేదు. ఆ వెంటనే టీ మాస్టరు, "మన పిల్లోళ్లకు అక్కడ పనేముంది?" అన్నాడు. 2024 క్లీన్ ఎనర్జీ పాలసీ రాష్ట్రమంతటికీ కలిపి ఏడున్నర లక్షల ఉద్యోగాలంటోంది. ఏ కోర్సు చదివితే అందులో ఒకటి పాణ్యం పిల్లోడికి వస్తుందో చెప్పే రీలు కోసం నేనూ ఎదురుచూస్తున్నాను.

పిల్లలూ, మీ గొంతు బాగుంది, కెమెరా ఇంకా బాగుంది. ఈసారి రీలు తీసేముందు మీ వీధిలో పది కరెంటు బిల్లులు ముందేసుకోండి. వాటిలో ఎఫ్‌పీపీసీఏ అని ఒక గడి ఉంటుంది. బొగ్గు ధర, బయట కొన్న కరెంటు ధర పెరిగితే ఆ బరువు ఆ గడిలోంచే మన నెత్తికెక్కుతుంది. భూమాత సంగతి తర్వాత చూద్దాం, ముందు ఆ గడి ఏమిటో మీ జేజికి చెప్పండి.