కోను మీద కోపం

ఎల్బీ నగర్ చౌరస్తాలో పోలీసులు ఎక్కడ పడితే అక్కడ నిలబెట్టే నారింజ రంగు కోన్లను ఈ దేశం ఏనాడూ అనుమానించలేదు. ఆటో తగిలినా, కుర్రాళ్లు బైకుతో గుద్దినా పాపం ఏమీ అనవు. అదే కోను కంప్యూటర్ తెర మీద కనబడేసరికి మాత్రం 2022 ఫిబ్రవరిలో సర్కారుకు గుండెదడ పట్టుకుంది. ఆ కోనునే గుర్తుగా పెట్టుకున్న వీడియో ప్లేయర్ వీఎల్‌సీ వెబ్‌సైటుకు చడీచప్పుడు లేకుండా తాళం పడింది.

దాని తప్పేమిటంటారా? ఏ ఫైలు ఇచ్చినా ఆడిస్తుంది, పైసా అడగదు, ప్రకటన చూపదు. అనుమానించడానికి ఇంతకన్నా ఏం కావాలి?

ఆ వేసవిలోనే మా ఇంట్లో పెళ్లి. సాగర్ రింగ్ రోడ్డు దగ్గర ఫంక్షన్ హాలు. వీడియో తీసినాయన లక్షణంగా ఓ పెన్‌డ్రైవ్ చేతిలో పెట్టాడు. టీవీకి గుచ్చితే బొమ్మ వచ్చింది గానీ మాట రాలేదు. పంతులుగారి పెదాలు కదులుతున్నాయి, మంత్రం లేదు. సన్నాయి ఆయన బుగ్గలు ఉబ్బుతున్నాయి, నాదం లేదు. కింద మాత్రం ‘ఆడియో ఫార్మాట్ నాట్ సపోర్టెడ్’ అని అక్షతల్లా నాలుగు మాటలు. “ఇది పెండ్లా, మౌనవ్రతమా?” అంది అత్తమ్మ.

దిల్‌సుఖ్‌నగర్ మెట్రో కింద సందులో, కోచింగ్ సెంటర్ల బోర్డుల మధ్య ఇరుక్కున్న ఓ మొబైల్ షాపుకెళ్లాను. అక్కడి పిల్లాడు ఏ కోచింగూ ఇవ్వలేని పాఠం రెండు నిమిషాల్లో చెప్పాడు. “ఫైలంటే టిఫిన్ డబ్బా అంకుల్. ఎంపీ4, ఎంకేవీ డబ్బా పేర్లే. లోపల హెచ్.264 ఉందా, హెచ్.265 ఉందా, మూత తీస్తే గానీ తెల్వదు. బొమ్మ వేరే కూర, సౌండు వేరే కూర. మీ టీవీకి ఒకటి అరిగింది, ఇంకోటి అరగలే.”

పైన పటారం, లోన లొటారం అన్నమాట.

అరగకపోవడానికి కారణం కడుపు కాదు, కప్పం. బొమ్మ కూరనే చూడండి, 2013లో వచ్చిన హెచ్.265కు రాయల్టీ వసూలు చేసే కూటములు ఒకటికి మించి పుట్టుకొచ్చాయి. డబ్బు పోసి కొన్న విండోస్ కూడా ఆ వీడియో ఆడించడానికి స్టోర్‌లో మరో 0.99 డాలర్లు అడిగింది. సౌండు కూరదీ అదే కథ: ఫోన్లో ఎంఎక్స్ ప్లేయర్‌లో సినిమా పెట్టుకుని ‘ఈఏసీ3 సపోర్ట్ లేదు’ అన్న చీటీ చూడని హాస్టల్ కుర్రాడు చైతన్యపురిలో దొరకడం కష్టం. ఇందరు ఇన్ని రకాలుగా చెయ్యి చాచే సంతలో, 1996లో పారిస్ కాలేజీ పిల్లలు మొదలుపెట్టిన ఆ కోను మాత్రం ఊరికే వడ్డిస్తోంది. వేటు పడింది దానికే.

వేటు వేసినప్పుడు కారణం ఎవరూ చెప్పలేదు. అదే నెలలో 54 చైనా యాప్‌లను నిషేధించారు కాబట్టి ఇదీ చైనాదేనేమో అనుకున్నవాళ్లున్నారు. ఫ్రాన్సు ఎప్పుడు చైనాలో కలిసిందో భూగోళం మాస్టార్లే చెప్పాలి. సమాచార హక్కు కింద అడిగితే కేంద్ర ఐటీ శాఖ తమ దగ్గర సమాచారమే లేదంది. తాళం కనబడింది, వేసిన చెయ్యి కనబడలేదు. ఫోన్లలో యాప్ మాత్రం హాయిగా ఆడుతూనే ఉంది.

“వీఎల్‌సీకైతే అన్నీ అరుగుతయ్. దాని సైటు ఓపెన్ కాదంకుల్, నా పెన్‌డ్రైవ్‌లో ఉంది,” అన్నాడు షాపు పిల్లాడు. అసలు గుమ్మం మూశారు కాబట్టి దిల్‌సుఖ్‌నగర్ అంతా దొడ్డిదారిన ఎక్కించుకునేది. దీన్నే సైబర్ భద్రత అంటారట. ఆ రాత్రి ల్యాప్‌టాప్‌లో మంత్రాలు గణగణ వినబడ్డాయి. తెల్లారేసరికి బ్రౌజర్ నిండా పేకాట ప్రకటనలు, ఎవరూ పిలవని చుట్టాల్లా.

లీగల్ నోటీసు వెళ్లాక 2022 నవంబర్ 14న తాళం తీశారు. ఆ కబురు చెబుదామని షాపుకెళ్తే పిల్లాడు తలెత్తనైనా లేదు.

“ఎందుకు మూసిన్రు, ఎందుకు తీసిన్రు?” అన్నాను.

“ఎల్బీ నగర్‌ల రోజూ కోన్లు పెట్టి యూటర్న్ మూస్తరు, తీస్తరు. ఎన్నడన్న అడిగిన్రా అంకుల్?”