నల్లకారు దృశ్యమునకు టీకా తాత్పర్యము

మూలము: నల్లకారొకటి యతివేగమున వచ్చి, తలుపుమీది తెల్లని యక్షరములు చూపి, మలుపు తిరిగి మరుగయ్యెను.

అవతారిక: 1944 ఆగస్టు 19 మొదలు 25 వఱకు పారిస్ వీథులలో జర్మను సేనలతో జరిగిన పోరును చూపు వార్తాచిత్రములందు ఇట్టి దృశ్యము పలుమాఱు కానవచ్చును. తుపాకి పట్టిన యువకులను జూచి కన్నులు చెమర్చు సామాన్య ప్రేక్షకుని మాట యటుండనిండు. వారెక్కిన కారేదో తేలనిదే నిద్రపట్టని రసికుల నుద్దేశించి ఈ టీక వ్రాయబడుచున్నది.

టీక: నల్ల యనుట ఫిల్ము గుణమే కాని కారు గుణము గాదు, ముదురు నీలమును, ముదురు కెంపును కూడ నందు నల్లనివిగనే తోచును గనుక వర్ణమును బట్టి నిర్ణయము చేయువారి మతము చింత్యము. కారు: దీని కులగోత్రములను ముఖమున వెదుకవలెను. రేడియేటరు జాలిపై తలక్రిందులైన వి యక్షరముల వంటి రెండు గీతలు ఒకదానిపై నొకటి నిలిచి యున్నవి. ఆంద్రే సిట్రోయెన్ తొలుత చేయించి యమ్మిన పండ్లచక్రముల పంటివరుసయే యీ గుర్తునకు మూలము. ముఖము మసకబాఱినచో నడుము చూడవలెను. ఇతర వాహనములకు తలుపుక్రింద నుండు అడుగుపలక దీనికి లేదు. ముందు చక్రములే బండిని లాగుటచేత వెనుకకు శక్తిని గొంపోవు కడ్డీతో పనిలేక, ఒడలంతయు నేల కానుకొన్నట్లు వంగి యుండును. కావున నిది 1934లో వెలువడిన సిట్రోయెన్ ట్రాక్షన్ అవాన్ అని సిద్ధాంతము. పెజో 402 యని కొందఱందురు. అది పొసగదు. పెజో 402కును, దాని చెల్లెలు 202కును దీపములు జాలి వెనుక, మేలిముసుగులోని కన్నులవలె, దాగి యుండును. ఇట దీపములు బాహాటముగ బయటనే యున్నవి.

అతివేగమున ననుట పాదపూరణము గాదు, సాభిప్రాయము. పెట్రోలు కఱవై, ఫ్రెంచి జనులు కట్టెలను బొగ్గును కాల్చి పుట్టించిన వాయువుతో, డ్రమ్ము వంటి పొయ్యిని బండికి తగిలించుకొని, మెల్లగా నడపుకొను దినము లవి. ఈ కారునకు పొయ్యి లేదు. అనగా నెచ్చటనో పెట్రోలు చిక్కినదని గ్రహింపవలెను. తెల్లని యక్షరములు: ఎఫ్.ఎఫ్.ఐ.; ఫ్రాన్సు అంతర్గత దళములని యర్థము. తొందరలో కుంచె పెట్టుటచే చివరి యక్షరమునుండి రంగు తలుపుపిడి క్రిందుగా కాఱినది. జర్మను రహస్యపోలీసులును ఈ జాతి కారులనే మక్కువతో వాడిరి గావున, ఈ బండి యంతకు మున్నెవరిని మోసినదో చెప్పరాదు. ఆ వారమున నెవరి వశమో తెలుపునది ఈ సున్నపు వ్రాతయే. చోదకుడు: టోపీ యడ్డమగుటచే వ్యాఖ్యానమున కందడు.

తాత్పర్యము: శత్రువు లేలిన నగరమున, పెట్రోలు దొరికిన సిట్రోయెన్ ఒకటి పక్షము ప్రకటించుకొని పోయెనని భావము.

విశేషము: ఇట్టి దృశ్యములలో ప్రక్షిప్తములు కలవు. కారు మలుపు తిరుగునపుడు వెనుకభాగమును జూడుడు. సామానుపెట్టె చదునుగ నున్నచో పాఠము సాధువు. బొజ్జవలె నుబ్బి యున్నచో నది 1952లో వచ్చిన మార్పు గనుక, ఆ ముక్క యుద్ధమైన పిమ్మట నెవరో కథాచిత్రమునకై తీసినది. అట్టిదానికి టీక వ్రాయుట మాకు సమ్మతము గాదు.